గల్లీలో తొలి బడి: కార్వాన్ కుటుంబాలను అంగన్‌వాడీకి దగ్గర చేయడం

కార్వాన్‌లో ఆరేళ్లలోపు పిల్లలు పగలు గడిపే చోట్లు మూడు. కొందరు ఇంట్లో దాదీ, నానీల దగ్గర, కొందరు గల్లీ మొగలో ఉన్న ప్రైవేటు నర్సరీలో, కొందరు అంగన్‌వాడీ కేంద్రంలో ఉంటారు. మొదటి రెండింటి సంగతి ప్రతి ఇంటికీ తెలుసు. మూడోది మాత్రం బాలామృతం ప్యాకెట్టు, గుడ్లు ఇచ్చే చోటుగానే చాలా ఇళ్లకు పరిచయం. అక్కడ ఆట, పాట, మాట, బడికి వెళ్లేముందు కావలసిన తర్ఫీదు కూడా దొరుకుతాయన్న ఎరుక తక్కువ. ముస్లిం కుటుంబాలకు, వేరే రాష్ట్రాల నుంచి పనికోసం వచ్చిన కుటుంబాలకు కేంద్రం మరింత దూరంగా ఉండిపోతోంది. ఆ దూరం తగ్గించే బాధ్యత అంగన్‌వాడీ టీచరుది, ఆయాది, బస్తీలో పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తలది, చదువుకున్న ఇరుగుపొరుగుది. వాళ్లు ఏం చేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి అన్నదే ఈ అధ్యాయంలోని విషయం.

బస్తీ, మనుషులు

పురానాపూల్ దగ్గర మూసీ దాటి గోల్కొండ కోట వైపు సాగే పాత దారి మీద కార్వాన్ ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో వర్తకుల బిడారులు దిగిన చోటు ఇది. ఆ రోజుల వైభవానికి గుర్తుగా 1671లో కట్టిన టోలీ మసీదు ఇప్పటికీ నిలిచి ఉంది. చుట్టూ కుల్సుంపురా, తప్పాచబూత్రా, జియాగూడ, సబ్జీమండి గల్లీలు. దక్కనీ మాట్లాడే ముస్లింలు, జియాగూడ మేకల మండి చుట్టూ బతికే ఆరె కటికలు, లోధాలు, మార్వాడీలు, తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు పక్కపక్క గల్లీల్లోనే ఉంటారు. ఆటో తోలేవాళ్లు, మెకానిక్కులు, పండ్ల బండి పెట్టుకున్నవాళ్లు, ఇంట్లో కూర్చుని కుట్టుపని, మగ్గం పని చేసే ఆడవాళ్లు ఇక్కడ ఎక్కువ.

2011 జనగణన ప్రకారం హైదరాబాద్ జిల్లా జనాభాలో ముస్లింలు 43 శాతానికి పైగా ఉన్నారు. తెలంగాణ మొత్తంలో చూస్తే 12.7 శాతమే. జిల్లాలో సగానికి దగ్గరగా ఉన్నవాళ్లు కూడా సర్కారు సేవలను అందుకోవడంలో వెనుకబడి ఉన్నారన్నది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 2006 నవంబరులో ప్రధానికి అందిన సచార్ కమిటీ నివేదిక దేశవ్యాప్తంగా ముస్లింల చదువు, ఉపాధి, ప్రభుత్వ సేవల స్థితిగతులను లెక్కలతో ముందుపెట్టింది. అదే ఏడాది జూన్‌లో కేంద్రం మైనారిటీల సంక్షేమానికి కొత్త 15 సూత్రాల కార్యక్రమం ప్రకటించింది. అందులో మొట్టమొదటి సూత్రమే అంగన్‌వాడీ సేవలు మైనారిటీలకు సమంగా అందాలన్నది. పెద్ద చదువులు, బ్యాంకు అప్పులు, ఉద్యోగాల కంటే ముందు పసిపిల్లల కేంద్రాన్ని పెట్టడం సరైన వరుస. తెలంగాణలో 2016 నుంచి మైనారిటీ గురుకులాలు వచ్చాయి, ఎన్నో ఇళ్ల రాత మార్చాయి. అయితే వాటిలో చేరిక 5వ తరగతిలో మొదలవుతుంది. అక్కడికి చేరే పిల్లకు పునాది పడేది 3 నుంచి 6 ఏళ్ల మధ్యనే. ఆ వయసు పిల్లలకు గల్లీలో ఉచితంగా దొరికే చోటు అంగన్‌వాడీ.

కేంద్రంలో ఏం దొరుకుతుంది

అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబర్ 2న 33 బ్లాకుల్లో మొదలైంది. ఆరు సేవలు దాని కింద ఉన్నాయి: అదనపు పోషకాహారం, బడికి ముందటి చదువు, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య పోషణ విద్య. 2013 ఆహార భద్రత చట్టం వచ్చాక ఇందులోని ఆహారం ఎవరి దయతోనో అందేది కాకుండా హక్కుగా మారింది. ఆర్నెల్ల నుంచి ఆరేళ్ల దాకా పిల్లకు రోజుకు 500 కిలోక్యాలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రొటీన్, గర్భిణులకు, బాలింతలకు 600 కిలోక్యాలరీలు, 18 నుంచి 20 గ్రాముల ప్రొటీన్ అందాలి. తెలంగాణలో 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్య లక్ష్మి కింద గర్భిణులు, బాలింతలు కేంద్రంలోనే ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు తీసుకుంటారు. ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం, 16 గుడ్లు ఇంటికి వస్తాయి. వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపి చేసిన పిండి అది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు కేంద్రంలోనే వేడి భోజనం, గుడ్డు తింటారు.

తిండి గురించి చెప్పగానే పని అయిపోయిందనుకుంటే పొరపాటు. ఆరేళ్లు నిండేలోపే మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా జరిగిపోతుందని 2020 జాతీయ విద్యా విధానం చెబుతుంది. ఈ వయసులో మెదడుకు కావలసింది పలక మీద వంద గీతలు కాదు. మాటకు మాట బదులు చెప్పే పెద్దమనిషి, చేతితో పట్టుకుని పేర్చే వస్తువులు, తోటి పిల్లలతో కలిసి వంతు కోసం ఆగడం, కథ విని తిరిగి చెప్పడం కావాలి. ఇంట్లో నలుగురు పిల్లలుండి, తల్లి మగ్గం మీద వంగి ఉంటే, ఎంత ప్రేమ ఉన్నా వీటన్నిటికీ సమయం చిక్కదు. కేంద్రం ఆ ఖాళీని పూరిస్తుంది. ఈ సంగతి తల్లిదండ్రులకు చెప్పాల్సింది ‘మెదడు’ గురించిన ఉపన్యాసంగా కాదు. రంగులు వేరుచేసే ఆట ఆడుతున్న నాలుగేళ్ల పిల్లను చూపిస్తే చాలు.

ఎందుకు రారు

రాని కుటుంబానికి పట్టింపు లేదని తేల్చేయడం సులువు. అది అన్యాయం కూడా. కార్వాన్ గల్లీల్లో రానివాళ్ల కారణాలు వింటే ప్రతిదాంట్లోనూ ఓ తర్కం కనిపిస్తుంది.

అన్నిటికంటే ముందు వినపడేది వయసు. ‘అబ్బీ ఛోటా హై, రోతా’ (ఇంకా చిన్నవాడు, ఏడుస్తాడు) అంటుంది నానమ్మ. మూడేళ్ల పిల్లాణ్ణి ఇల్లు దాటించడం ఆమె దృష్టిలో ప్రేమలేనితనం. ఉమ్మడి కుటుంబంలో పిల్లను ఎవరికి అప్పగించాలన్న నిర్ణయం చాలాసార్లు తల్లిది కాదు, ఈ పెద్దామెది. తల్లితో గంటసేపు మాట్లాడి ఒప్పించి, పక్కనే చాప మీద కూర్చున్న నానమ్మను పలకరించకుండా వచ్చేస్తే ఆ గంట వృథా.

రెండోది భాష. కేంద్రంలో పాటలు, కథలు, గోడ మీద బొమ్మల పేర్లు తెలుగులోనే ఉంటే, ఇంట్లో దక్కనీ మాత్రమే విన్న పిల్లకు మొదటి వారం అయోమయంగా గడుస్తుంది. నోరు విప్పని పిల్లను మందకొడి అనుకునే ప్రమాదం ఉంది. తల్లికి మరో జంకు: టీచరు ఏదైనా చెబితే అర్థం కాదేమో, చదవమని కాగితం ఇస్తే తన పరువు పోతుందేమో అని.

మూడోది దారి. పర్దా పాటించే ఇంట్లో కోడలు రోజుకు రెండుసార్లు మెయిన్ రోడ్డు దాటి వెళ్లి రావడం అందరూ ఒప్పుకునే విషయం కాదు. మగవాళ్లు పొద్దున్నే పనికి పోతారు. పిల్లను తీసుకెళ్లేదెవరు, తెచ్చేదెవరు అన్న ప్రశ్నకు జవాబు లేకుండా ‘పంపండి’ అనడంలో అర్థం లేదు.

నాలుగోది ఆ గది. నగరంలో చాలా కేంద్రాలు అద్దె గదుల్లో నడుస్తాయి. ఇరుకు, చీకటి, నీళ్ల ఇబ్బంది, మరుగుదొడ్డి లేకపోవడం కళ్లముందు కనిపిస్తే ఏ తల్లి అయినా వెనక్కి తగ్గుతుంది. ఈ అభ్యంతరానికి మాటల్లో జవాబు చెప్పకూడదు. గదిని బాగుచేయడమే దానికి జవాబు.

ఐదోది ప్రైవేటు నర్సరీ. నెలకు కొంత ఫీజు కట్టి, టై కట్టి పంపే బడికి ఉన్న గౌరవం ఉచితంగా దొరికే కేంద్రానికి లేదు. ‘సర్కారీ’ అంటే గతిలేనివాళ్ల కోసం అన్న భావన పాతబస్తీలోనే కాదు, తెలంగాణ అంతటా ఉంది. ఇంగ్లిష్ అక్షరాలు రావాలన్న ఆశ తప్పేమీ కాదు. మూడేళ్ల వయసులో ఆ అక్షరాలను బట్టీ పట్టించడానికి సంసారం పొదుపు ఖర్చయిపోతోందన్నదే బాధ. ప్రైవేటు బడిని తిట్టి అంగన్‌వాడీని పొగడడం వల్ల ఉపయోగం లేదు. ఆ కుటుంబం తన బిడ్డ కోసం చేసిన ఎంపికను తప్పుపట్టినట్టే అవుతుంది. మూడు, నాలుగేళ్ల వయసు ఆటకు ఇవ్వండి, మిగిలిన డబ్బు ముందు ముందు పెద్ద తరగతులకు ఉంచుకోండి అని చెప్పడం మేలు.

ఇంకొకటి, తక్కువగా పైకి చెప్పేది, కాగితాల భయం. పేరు రాస్తారు, ఆధార్ అడుగుతారు, ఫోటో తీస్తారు, ఇదంతా ఎందుకు అన్న అనుమానం అద్దె ఇళ్లలో ఉండే వలస కుటుంబాలకు ఎక్కువ. ఈ భయాన్ని కొట్టిపారేయకూడదు. 2021 నుంచి నమోదు పోషణ్ ట్రాకర్ అనే ఫోన్ యాప్‌లో జరుగుతోందని, పిల్లకు ఆధార్ లేకపోతే తల్లి ఆధార్‌తో నమోదు చేయవచ్చని, ఊరు మారితే కొత్త చోటి కేంద్రానికి మార్చుకోవచ్చని నెమ్మదిగా వివరించాలి. బస్తీలో ఒక ఇంటికి సరైన జవాబు దొరికితే అది సాయంత్రానికల్లా పది ఇళ్లకు పాకుతుంది. తప్పు జవాబు అంతకంటే వేగంగా పాకుతుంది.

గుమ్మం ముందు

1945లో ఇప్పటి మహారాష్ట్రలోని బోర్డీలో తారాబాయి మోదక్ గ్రామీణ బాలల కోసం బాలవాడి ప్రారంభించారు. వెలివాడల పిల్లలు అక్కడికి రాలేదు. ఆమె, సహచరి అనుతాయి వాఘ్ వాళ్ల వాకిళ్లకే వెళ్లి, ముంగిట్లోనే పాటలు, ఆటలు మొదలుపెట్టారు. ముప్పై ఏళ్ల తర్వాత దేశమంతా పాకిన అంగన్‌వాడీకి బీజం పడింది అలాగే. కార్వాన్‌లో కూడా ఇదే వరుస పనిచేస్తుంది: కేంద్రం ముందు ఇంటికి వెళ్లాలి, ఇల్లు తర్వాత కేంద్రానికి వస్తుంది.

ఎవరు వెళ్లాలి అన్నది ఎలా వెళ్లాలి అన్నదానికంటే ముఖ్యం. టీచరు ఒక్కతే రిజిస్టరు పట్టుకుని వెళితే సర్వేకి వచ్చిందనుకుంటారు. అదే గల్లీలో ఉండే, తన బిడ్డను ఇప్పటికే పంపుతున్న ఒక తల్లి వెంట ఉంటే తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది. ఇంగ్లండ్‌లో కూడా పాకిస్తానీ, బంగ్లాదేశీ మూలాలున్న కుటుంబాలు శిశు కేంద్రాలను తక్కువగా వాడుకుంటున్నాయని గమనించి, అదే సమాజంలోని తల్లిదండ్రులకు తర్ఫీదు ఇచ్చి ‘పేరెంట్ చాంపియన్లు’ అన్న పేరుతో ఇరుగుపొరుగు దగ్గరికి పంపారు. అధికారి చెప్పలేనిది పొరుగింటామె చెప్పగలదు, ఎందుకంటే ఆమె బిడ్డ అక్కడే ఉంది.

వెళ్లే వేళ కూడా చూసుకోవాలి. జియాగూడ మండితో ముడిపడిన ఇళ్లలో తెల్లవారుజాము నుంచే హడావుడి. మిగతా ఇళ్లలో పదకొండు దాటాక, వంట ముగిసి, పెద్దవాళ్లు కాస్త కూర్చునే వేళ మంచిది. శుక్రవారం మధ్యాహ్నం వద్దు. రంజాన్‌లో ఇఫ్తార్‌కు ముందటి గంటలు అసలే వద్దు.

సలాం చెప్పి, పెద్దామెను ‘ఖాలా’ అని, తల్లిని ‘ఆపా’ అని పలకరించి, ముందు పిల్ల గురించి అడగాలి: ఏం తింటోంది, ఏం మాట్లాడుతోంది, రాత్రి సరిగ్గా పడుకుంటోందా. పథకం పేరు చివర రావాలి. పెద్దామె ‘నక్కో బేటీ, అబ్బీ ఛోటా హై’ అంటే వాదించకూడదు. ‘హౌ ఖాలా, ఛోటాచ్ హై. ఏక్ దిన్ ఆప్ బీ ఆకే దేఖో, బచ్చే కే సాత్ బైఠో’ (అవును ఖాలా, చిన్నవాడే. ఒక రోజు మీరూ వచ్చి చూడండి, పిల్లాడితో కూర్చోండి) అంటే చాలు. ఆ మాటలో ఒత్తిడి లేదు. పిల్లను అప్పగించమని అడగడం లేదు, వచ్చి చూడమని పిలవడమే. ఏ ఇంట్లోనైనా నిర్ణయం మారేది ఎక్కువగా ఈ ఆహ్వానం తర్వాతే. కేంద్రం లోపల ఏం జరుగుతుందో పెద్దామె తన కళ్లతో చూసిన రోజున బయటివాళ్లు ఇక ఏమీ చెప్పనక్కరలేదు.

చూపించడానికి ఒక రోజు కేటాయించాలి. నెలకోసారి తల్లులను పిలిచే రోజు ఎలాగూ ఉంటుంది. ఆ రోజు గోడలకు తోరణాలు కట్టి ఉపన్యాసాలు పెట్టడం కంటే మామూలు పనిదినం ఎలా నడుస్తుందో అలాగే నడపడం మంచిది. వంట దగ్గరికి తీసుకెళ్లి గిన్నెలు, నీళ్లు, నూనె చూపించాలి. కేంద్రంలో మాంసం వండరు కాబట్టి హలాల్ ప్రశ్న రాదు. అయినా బాలామృతంలో ఏముందని అడిగితే ప్యాకెట్టు మీద అచ్చు చదివి వినిపించాలి. మరుగుదొడ్డి చూపించాలి. పిల్లను ఎవరి చేతికి తప్ప ఇవ్వరో చెప్పాలి. ఆయా ఎవరు, ఏ గల్లీ మనిషి అన్నది తల్లులు తప్పక అడుగుతారు, అడగాలి కూడా.

మొదటి వారం

పంపడానికి ఒప్పుకున్న ఇల్లు మొదటి వారంలోనే మనసు మార్చుకుంటుంది. ఏడుపే దానికి కారణం. మొదటి రోజు తల్లో, నానమ్మో గంటసేపు పక్కనే కూర్చోవాలి. రెండో రోజు గుమ్మం దగ్గర. మూడో రోజు బయట చబూత్రా మీద. పిల్ల కళ్లు గప్పి మాయమైపోవడం చాలామంది చేసే పని. అది పిల్ల నమ్మకాన్ని దెబ్బతీస్తుంది. చెప్పి వెళ్లడం, చెప్పిన వేళకు రావడం, ఈ రెండూ తప్పకపోతే ఏడుపు కొద్ది రోజుల్లో తగ్గుతుంది. ఇంటి నుంచి ఒక చిన్న గుడ్డ బొమ్మో, అలవాటైన గ్లాసో వెంట ఉంటే మరీ మంచిది.

భాష సంగతి ఇక్కడే తేలాలి. టీచరుకు తెలుగు మాత్రమే వస్తే, ఆయాకు గాని, వచ్చే తల్లులలో ఒకరికి గాని దక్కనీలో కథ చెప్పే పని అప్పగించాలి. నీళ్లు, ఆకలి, బాత్‌రూమ్, నొప్పి, అమ్మ, ఇల్లు, ఈ కొద్ది మాటలైనా పిల్ల భాషలో టీచరుకు వచ్చి ఉండాలి. బొమ్మల పేర్లు గోడ మీద తెలుగు, ఉర్దూ రెండు లిపుల్లోనూ రాయవచ్చు. రాష్ట్రమంతటా ఉర్దూకు రెండో అధికార భాష హోదా 2017లో వచ్చింది. ఇంటి భాష వాడితే తెలుగు రాదన్న భయం అక్కర్లేదు. కార్వాన్ పిల్లలు ఆరేళ్లకల్లా రెండు మూడు భాషల్లో బేరమాడగలరు. న్యూజిలాండ్‌లో మావోరీలు 1982లో మొదలుపెట్టిన ‘కొహంగా రియో’ శిశు కేంద్రాలు పూర్తిగా తమ భాషలో, తమ పెద్దవాళ్ల చేతుల మీదుగా నడిచాయి. పిల్లల కేంద్రం తమదని ఒక సమాజం నమ్మితే అది ఎంత గట్టిగా నిలబడుతుందో ఆ అనుభవం చూపింది.

పండుగలు, వేడుకలు కేంద్రాన్ని తమదిగా చేసుకునే దారులు. తెలంగాణలో అంగన్‌వాడీల్లో పిల్లలకు అక్షరాభ్యాసం చేయిస్తుంటారు. హైదరాబాదీ ముస్లిం ఇళ్లలో పిల్లకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండినప్పుడు ‘బిస్మిల్లా’ చేసి తొలి పాఠం చెప్పిస్తారు. చదువుకు ఇంత ముచ్చటగా స్వాగతం పలికే సంప్రదాయం ఉన్న చోట కేంద్రం ఆ రోజును గుర్తుపెట్టుకోవాలి. రిజిస్టరులో పుట్టినతేదీ పక్కన ఆ రోజు రాసుకుని, ఇంటికి వెళ్లి శుభాకాంక్షలు చెప్పి రావడానికి పైసా ఖర్చు లేదు. పక్కింటి తెలుగు పిల్ల అక్షరాభ్యాసానికి ఎంత ఆదరం ఉందో దీనికీ అంతే ఉండాలి. మక్తబ్‌కో, మదరసాకో వెళ్లే వేళతో కేంద్రం వేళ ఢీకొనకుండా ముందే మాట్లాడుకోవాలి. ఈ రెంటిలో ఒకటే ఎంచుకోమని తల్లిదండ్రులను ఇరుకున పెట్టరాదు.

నమ్మకం కలిగించే గొంతులు

ఇరవై ఏళ్ల కిందట పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో పోలియో చుక్కల మీద వదంతులు లేచాయి. చుక్కలు వేస్తే పిల్లలు పుట్టరన్న భయంతో ముస్లిం బస్తీల్లో తలుపులు మూసుకున్నారు. ప్రకటనలు పనిచేయలేదు. పనిచేసింది వేరు: బస్తీలోని ఆడవాళ్లనే కార్యకర్తలుగా తీసుకోవడం, ఇమాములతో కూర్చుని వాళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పడం, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా వంటి సంస్థల నుంచి మాట సాయం తీసుకోవడం, మసీదు మైకు నుంచి చుక్కల రోజు చెప్పించడం. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చి 27న భారత్ పోలియో రహితమైనట్టు ధ్రువీకరణ వచ్చింది.

కార్వాన్‌లోనూ మసీదు కమిటీ పెద్దలను, మదరసా ఉస్తాద్‌లను, గల్లీ దవాఖానా డాక్టరును, బస్తీ దవాఖానా నర్సును, ఆశా కార్యకర్తను ఒకసారి కేంద్రానికి పిలిచి టీ ఇవ్వడం వృథా పోదు. జుమ్మా నమాజ్ తర్వాత పిల్లల చేరిక గురించి రెండు మాటలు చెప్పమని అడిగితే ఎక్కువమంది కాదనరు. తండ్రులు వినేది అక్కడే. అయితే కేంద్రం ఏ పార్టీకీ, ఏ మతసంస్థకూ అనుబంధంగా కనిపించకూడదు. జియాగూడ దళిత పిల్ల, ముస్లిం పిల్ల, ఆరె కటిక పిల్ల ఒకే చాప మీద కూర్చుని తినడమే కేంద్రానికి ఉన్న పెద్ద విలువ. గుమ్మం బయట ఏ వేడి ఉన్నా ఆ చాప దాకా రానివ్వకూడదు.

మూడు రంగుల పట్టీ

కొన్ని ఇళ్లను ఒప్పించేది చదువు కాదు, ఆరోగ్యం. జబ్బ చుట్టుకొలత చూడడానికి వాడే సన్నని పట్టీ ఒకటి ఉంటుంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులుంటాయి. ఆర్నెల్ల నుంచి అయిదేళ్లలోపు పిల్ల ఎడమచేతి జబ్బ మధ్యలో బిగించకుండా చుడితే, కొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే ఎరుపు. అంటే తీవ్రమైన పోషకాహార లోపం. లావుగా ఉబ్బిన పాదాలు, ఆకలి లేకపోవడం, జ్వరం కూడా ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పంపాలి. 1953 నుంచి పసిపిల్లలకు వైద్యం చేస్తున్న నీలోఫర్ ఆసుపత్రి పేరు పాతబస్తీలో ప్రతి ఇంటికీ తెలుసు. ఆ పేరు చెబితే కుటుంబం త్వరగా కదులుతుంది.

పట్టీ చుట్టేటప్పుడు పదిమంది ముందు ‘మీ పిల్ల ఎరుపు’ అని ప్రకటించడం దారుణం. తల్లి మళ్లీ కేంద్రం ముఖం చూడదు. పక్కకు పిలిచి, పట్టీ ఆమె చేతికే ఇచ్చి, ఆమెతోనే కొలిపించాలి. రంగు ఆమె కళ్లతో ఆమే చూస్తుంది. తర్వాత చెప్పే ప్రతి మాటా అందుతుంది. గర్భిణుల ఉపవాసం విషయంలోనూ ఇదే మర్యాద పాటించాలి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు రోజాను తర్వాతి రోజులకు వాయిదా వేసుకునే వెసులుబాటు షరియత్‌లోనే ఉంది. ఆ మాట టీచరు నోట కంటే డాక్టరు, ఇంటి పెద్దామె నోట వస్తే బాగుంటుంది.

పనికి పోయే తల్లులు

అంగన్‌వాడీ పగటి అవసరాన్ని కొంతమేరకే తీరుస్తుంది. ఇళ్లల్లో పనికి, దుకాణానికి, కర్ఖానాకు పోయే తల్లికి సాయంత్రం దాకా బిడ్డను చూసే చోటు కావాలి. ‘పాల్నా’ పథకం కింద ఆర్నెల్ల నుంచి ఆరేళ్ల పిల్లలకు నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు నడిచే అంగన్‌వాడీ కమ్ క్రెష్‌లకు వీలు ఉంది. బస్తీలో ఇలాంటి తల్లులు ఎంతమంది ఉన్నారో పేర్లతో జాబితా తయారుచేసి శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి (సీడీపీవోకు) ఇవ్వడం మొదటి మెట్టు. జాబితా లేని కోరికను ఏ కార్యాలయమూ పట్టించుకోదు. ఇంట్లోనే మగ్గం పని, కుట్టుపని చేసేవాళ్లను ఈ జాబితాలో మరచిపోతుంటారు. ఇంట్లోనే ఉంది కదా అనిపిస్తుంది గానీ, సూది, కత్తెర, రసాయనాల మధ్య పాకే బిడ్డకు ప్రమాదం ఎక్కువ.

అసలు పంపలేని ఇళ్లూ ఉంటాయి. వాళ్లను వదిలేయకూడదు. 1986, 87ల్లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో ఎదుగుదల లేని పసిపిల్లల ఇళ్లకు ఆరోగ్య సహాయకులు వారానికి ఒక గంట వెళ్లి, ఇంట్లో దొరికే వస్తువులతో చేసిన బొమ్మలతో బిడ్డతో ఎలా ఆడాలో తల్లికి నేర్పారు. రెండేళ్లు అలా సాగింది. ఆ పిల్లలు ఇరవై రెండేళ్ల వాళ్లయ్యాక, ఆ ఆటలు అందని తోటివాళ్ల కంటే సుమారు 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నట్టు తేలింది. ఖాళీ సీసా మూతలు, గుడ్డ పేలికలు, గిన్నెలు, నానమ్మ చెప్పే కథ, ఇవన్నీ కార్వాన్ ఇళ్లలో ఉన్నవే.

హక్కుగా అడగవలసినవి

రాజ్యాంగం 45వ అధికరణం 2002 సవరణ తర్వాత ఆరేళ్లు నిండేదాకా పిల్లలందరికీ సంరక్షణ, విద్య అందించేందుకు ప్రభుత్వం ప్రయత్నించాలని చెబుతోంది. 2006 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు, పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో మరో స్పష్టమైన ఆదేశం ఇచ్చింది: ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి, అంగన్‌వాడీ లేని మురికివాడ ప్రజలు అడిగితే, అడిగిన నాటి నుంచి మూడు నెలలకు మించకుండా కేంద్రం ఇవ్వాలి. మెయిన్ రోడ్డు దాటవలసి వస్తోందన్న కారణంతో పిల్లలను పంపని గల్లీలకు ఇది పనికొచ్చే ఆదేశం. నలభై మంది పిల్లల పేర్లు, వయసులు, ఇంటి నంబర్లు, తల్లుల సంతకాలతో దరఖాస్తు రాసి, అందినట్టు రసీదు తీసుకోవాలి. ఉర్దూలో రాసినా చెల్లుతుంది.

ప్రతి కేంద్రానికీ పర్యవేక్షణ, సహాయక కమిటీ ఉంటుంది. అందులో తల్లులకు చోటు ఉంది. ముస్లిం తల్లి ఒక్కరైనా ఆ కమిటీలో కూర్చుని మాట్లాడేలా చూడాలి. గుడ్లు తక్కువ వచ్చినా, గది బాగాలేకపోయినా, కేంద్రం మూసి ఉన్నా గల్లీలో గొణుక్కోవడం కంటే కమిటీలో అడగడం, అక్కడ తేలకపోతే సూపర్‌వైజరుకు, సీడీపీవోకు రాసి ఇవ్వడం ఫలితం ఇస్తుంది. అడిగేవాళ్లుంటే కేంద్రం బాగుపడుతుంది.

కొత్త విద్యాసంవత్సరం జూన్‌లో మొదలవుతుంది. మూడేళ్లు నిండిన పిల్ల ఉన్న ప్రతి ఇల్లూ అంతకంటే ముందే ఒక పూట, నానమ్మను వెంటబెట్టుకుని, తమ గల్లీకి దగ్గరలోని కేంద్రానికి వెళ్లి రావాలి. గది చూడండి, వంట చూడండి, టీచరు పిల్లలతో ఎలా మాట్లాడుతోందో వినండి. నచ్చితే పేరు రాయించండి. నచ్చకపోతే ఏం బాగాలేదో ఆమెకే చెప్పి, బాగుచేయమని అడగండి.